గన్నులోంచి నీళ్ళు ఎందుకొస్తున్నాయి? ఇంటి స్ప్రే పెయింటింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు మొదలైనప్పటి నుంచి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం గురించే. ఇంటి దగ్గర దర్వాజలకో, గేట్లకో, బీరువాలకో, బండి ట్యాంకులకో స్ప్రే కొడుతుంటే గాలితో పాటు నీళ్ళో నూనో వచ్చి పని పాడవుతోంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఊరి పేరుతో ఇస్తున్నాం. లెక్కలన్నీ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే 2 హెచ్‌పీ కంప్రెషర్‌కు, అంటే నిమిషానికి సుమారు 200 లీటర్ల గాలి పీల్చేదానికి వేసినవి.

ప్రశ్న (నల్లగొండ): 2 హెచ్‌పీ బెల్టు కంప్రెషర్, 100 లీటర్ల ట్యాంకు. టేకు దర్వాజలకు పీయూ (పాలీయురెథేన్ పూత) కొడుతున్నాను. ట్యాంకు మూతి దగ్గరే వాటర్ ఫిల్టర్ బిగించాను, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ గన్ను పిడి కింద ఉంది. మొదటి అరగంట బాగానే ఉంటుంది. ఆ తర్వాత గన్ను నీటి చుక్కలు ఉమ్ముతోంది. ఫిల్టర్ బౌల్‌లో చూస్తే ఒక్క చుక్క లేదు. ఫిల్టర్ పాడైందా?

జవాబు: ఫిల్టర్ బాగానే ఉంది. దాన్ని బిగించిన చోటే తప్పు. వాటర్ ఫిల్టర్ పట్టుకోగలిగేది చుక్కగా మారిన నీటిని మాత్రమే. ఆవిరిగా ఉన్న నీరు 5 మైక్రాన్ల జల్లెడలోంచి కూడా గాలితో సమానంగా దాటిపోతుంది. మీ ఫిల్టర్ ఉన్న చోట గాలి ఇంకా వేడిగానే ఉంది, కాబట్టి నీరు ఆవిరిగానే ఉంది.

లెక్క చూడండి. వానకాలంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. మీ కంప్రెషర్ ఆగకుండా నడిస్తే గంటకు 12 ఘనపు మీటర్లు పీలుస్తుంది. అంటే గంటకు 290 గ్రాముల నీరు కంటికి కనబడకుండా లోపలికి వెళ్తోంది. 8 బార్‌కు, అంటే బయటి గాలి ప్రెషర్ మీద ఇంకో ఎనిమిది రెట్లు, నొక్కితే ఆ గాలి తొమ్మిదో వంతు జాగాలోకి కుదించుకుపోతుంది. జాగా తగ్గిందంటే ఆవిరిని మోసే శక్తి కూడా తగ్గినట్టే, మిగిలినది నీరై దిగాలి. అయితే ఎంత దిగుతుందనేది వేడిని బట్టి ఉంటుంది. పని మధ్యలో ట్యాంకులోంచి వచ్చే గాలి 55 డిగ్రీల దాకా ఉంటే, 290లో దాదాపు 150 గ్రాములు ట్యాంకు అడుగున నీరై నిలుస్తాయి, 140 గ్రాములు ఆవిరిగా మీ ఫిల్టర్‌ను దాటిపోతాయి. అదే గాలి హోస్‌లో పోతూ 32 డిగ్రీలకు చల్లారితే మరో 95 గ్రాములు అక్కడ చుక్కలవుతాయి. గన్ను ఉమ్ముతున్నది ఆ నీరే.

మొదటి అరగంట బాగుండటానికి కారణం కూడా ఇదే. అప్పటికి పంపు, ట్యాంకు చల్లగా ఉన్నాయి, నీరు ట్యాంకులోనే దిగిపోయింది. ట్యాంకు వేడెక్కే కొద్దీ నీరు దిగే చోటు ముందుకు జరిగి హోస్‌లోకి వచ్చింది. కాబట్టి ఇంకా ఖరీదైన ఫిల్టర్ కొని అదే చోట బిగిస్తే ఫలితం మారదు. ముందు గాలి చల్లారాలి, ఆ తర్వాతే ఫిల్టర్. ట్యాంకుకు, ఫిల్టర్‌కు మధ్య కనీసం 8 నుంచి 10 మీటర్ల లోహపు పైపు వేయండి. కింది జవాబులో ఆ పని వివరంగా ఉంది.

ఇంకో మాట. పంపు ఆగకుండా నడుస్తోందంటే మీ గన్ను తాగే గాలికి కంప్రెషర్ చాలడం లేదు. హెచ్‌వీఎల్‌పీ గన్నులు (తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ గాలి వాడేవి) చాలా వరకు నిమిషానికి 250 నుంచి 350 లీటర్లు అడుగుతాయి. గన్ను డబ్బా మీద రాసిన అంకె చూసుకోండి. ఒక తలుపు పూత అయ్యాక పంపు ఆగి, ట్యాంకు చేతితో ముట్టుకోగలిగేంత చల్లారే దాకా ఆగితే సగం నీరు ఆ విరామంలోనే ట్యాంకులో దిగిపోతుంది.

ప్రశ్న (మిర్యాలగూడ): కంప్రెషర్ నుంచి షెడ్డు దాకా పైపు లైను వేయాలి. బోరుకు వాడగా మిగిలిన పీవీసీ పైపులు ఉన్నాయి, 10 కిలోల ప్రెషర్ అని రాసి ఉంది. వాడొచ్చా? లేకపోతే ఏది, ఎలా?

జవాబు: పీవీసీ వద్దు, సీపీవీసీ కూడా వద్దు. పైపు మీద రాసిన 10 కిలోలు చల్లని నీటికి సంబంధించిన మాట. నీటి పైపు పగిలితే ప్రెషర్ ఆ క్షణమే పడిపోతుంది, నీళ్ళు కారతాయి. గాలి నొక్కుకొని ఉంటుంది కాబట్టి పైపు పగిలిన క్షణంలో ఒక్కసారిగా వ్యాకోచించి ముక్కలను కత్తుల్లా విసురుతుంది. పైగా కంప్రెషర్ వేడికి పీవీసీ మెత్తబడుతుంది, నూనె ఆవిరికి, ఎండకు పెళుసు బారుతుంది. నెలల తరబడి బాగానే ఉన్నట్టుండి ఒక రోజు పగులుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే భూమిపైన గాలి లైన్లకు పీవీసీ వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. ఇంట్లో పిల్లలు తిరిగే చోట దీనిపై రాజీ లేదు.

అర అంగుళం జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) చాలు, ముప్పావు అంగుళం అయితే ఇంకా మంచిది. పైపు లావయ్యే కొద్దీ గాలి నెమ్మదిగా నడుస్తుంది, చల్లారడానికి సమయం దొరుకుతుంది. 6 మీటర్ల పైపులు రెండు, ఎల్బోలు, రెండు టీలు, రెండు బాల్ వాల్వులు, ఒక యూనియన్ (లైనును మధ్యలో విప్పడానికి వీలైన జోడింపు) తెచ్చుకోండి. కంప్రెషర్ నుంచి పైపుకు నేరుగా బిగించకూడదు, అదురుకు మరలు వదులవుతాయి. మధ్యలో మీటరు పొడవు వేడిని తట్టుకునే రబ్బరు హోస్ పెట్టాలి.

హోస్ గోడను చేరిన చోట ఒక టీ బిగించి, దాని కింది మూతికి జానెడు పైపు ముక్క, చివర బాల్ వాల్వు పెట్టండి. టీ పై మూతి నుంచి పైపు నిటారుగా 6 అడుగులు లేస్తుంది. లేచే పైపులో చల్లారిన నీరు వెనక్కి జారి ఆ ముక్కలో దిగుతుంది. పైన అడ్డంగా నడిచే పైపును మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున ముందుకు వాలుగా బిగించండి. అంటే 8 మీటర్ల పైపు చివరికి 8 సెంటీమీటర్లు కిందికి రావాలి. మట్టం చూసుకోకుండా క్లాంపులు కొడితే పైపు మధ్యలో కుంగి, అక్కడ నీరు నిలిచి, గాలి జోరుకు ఒక్కసారిగా ముద్దగా వచ్చి పడుతుంది. చివర పైపు కిందికి దిగి, దాని అడుగున ఇంకో బాల్ వాల్వు. గన్నుకు గాలి తీసే మూతి ఆ అడుగున ఉండకూడదు. దిగే పైపులో ఛాతీ ఎత్తున టీ పెట్టి పక్కకు తీయాలి. అడ్డంగా నడిచే పైపు మధ్యలో ఎక్కడైనా కనెక్షన్ కావాలంటే టీ మూతి పైకి తిరిగి ఉండాలి, అక్కడి నుంచి వంపు తిరిగి కిందికి రావాలి. మూతి కిందికి ఉంటే పైపులో పాకే నీరంతా దాంట్లోకే దిగుతుంది.

పక్కకు తీసిన ఆ మూతి దగ్గర బిగింపు వరస ఇది: ముందు వాటర్ సెపరేటర్ (పైన చెప్పిన వాటర్ ఫిల్టరే), తర్వాత నూనె పట్టే కొయలెసింగ్ ఫిల్టర్, ఆ తర్వాత రెగ్యులేటర్, చివర హోస్. రెగ్యులేటర్‌ను ముందు పెట్టవద్దు. ప్రెషర్ ఎక్కువ ఉన్నప్పుడే నీరు చుక్కగా దిగుతుంది, అక్కడే పట్టుకోవాలి. పట్టుకున్నాక 8 బార్ నుంచి 2 బార్‌కు తగ్గిస్తే అదే గాలి మూడింతల జాగాలోకి పరుచుకుంటుంది, దాని సాపేక్ష తేమ మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు హోస్‌లో మళ్ళీ చుక్క కట్టే ప్రమాదం బాగా తగ్గుతుంది.

పైపుల వాళ్ళు థ్రెడ్ కోసేటప్పుడు నూనె పోస్తారు, ఇనుప రజను కూడా లోపల మిగులుతుంది. బిగించే ముందే ప్రతి ముక్కలోకి తీగకు కట్టిన గుడ్డను థిన్నర్‌లో ముంచి రెండు మూడుసార్లు లాగండి. ఈ పని వదిలేస్తే పెయింటు మీద నెలల దాకా గుంటలు పడుతూనే ఉంటాయి. అతుకులకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి మరను వదిలేయండి, లేదంటే పీలికలు తెగి లోపలికి పోతాయి. సఫేదా, నార పద్ధతి ఈ లైనుకు పనికిరాదు. అంతా అయ్యాక ఫిల్టర్లు బిగించకుండానే కొన్ని నిమిషాలు గాలి వదిలి లైను కడగండి. తర్వాత అన్నీ బిగించి, 8 బార్ నింపి, ప్రతి అతుకు మీద సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూడండి.

ప్రశ్న (వనపర్తి): ఆయిల్ ఫ్రీ కంప్రెషర్, 24 లీటర్లది కొన్నాను. నూనే లేదు కాబట్టి ఫిల్టర్ అక్కర్లేదన్నారు. నిజమేనా?

జవాబు: కొయలెసింగ్ ఫిల్టర్ అంత అవసరం ఉండదు, అంతవరకే నిజం. నీరు బయటి గాలిలోంచి వస్తుంది, పంపులో నూనె ఉన్నా లేకపోయినా అంతే వస్తుంది. చిన్న ట్యాంకు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మీకు చల్లార్చే పైపు, వాటర్ సెపరేటర్ ఇంకా ముఖ్యం. ఈ రకానికి 0.8 లేదా 1 మిల్లీమీటరు నాజిల్ ఉన్న చిన్న గన్ను సరిపోతుంది, పెద్ద గన్ను పెడితే పంపు ఆగకుండా ఆడి ఆవిరినే పంపిస్తుంది.

ప్రశ్న (గద్వాల): గోడ మీద అంత పైపు వేసే జాగా లేదు, అద్దె ఇల్లు. ఏసీ రాగి పైపు చుట్టను నీళ్ళ బకెట్లో ముంచితే పని అవుతుందా? ఎండకాలం ఇక్కడ బకెట్లో నీళ్ళే వేడిగా ఉంటాయి.

జవాబు: అవుతుంది, సరిగ్గా చేస్తే జీఐ లైను కన్నా బాగా అవుతుంది. అర అంగుళం మెత్త రాగి పైపు 15 మీటర్ల చుట్టగా దొరుకుతుంది. 20 లీటర్ల పెయింటు డబ్బా చుట్టూ నొక్కుకుపోకుండా చుట్టి, డబ్బా తీసేయండి. రెండు కొనలకు ఫ్లేర్ నట్లు ఏసీ మెకానిక్ చేత వేయించుకోండి. చుట్టలు ఒకదాని మీద ఒకటి పడుకోకుండా వేలు దూరంలో ఉండేలా లాగి, 50 లీటర్ల డ్రమ్ములో నిలబెట్టండి. ఇది ట్యాంకు తర్వాత వస్తుంది. పంపు తలకు, ట్యాంకుకు మధ్య ఉన్న పైపును మాత్రం కదిలించవద్దు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. గాలి పై కొన నుంచి లోపలికి వెళ్ళి కింది కొన నుంచి బయటికి రావాలి, కింది కొనను డ్రమ్ము అడుగు పక్కన బెజ్జం చేసి అక్కడి నుంచే బయటికి తీయాలి. బెజ్జం ఎందుకని కింది కొనను మళ్ళీ పైకి లేపి అంచు మీదుగా తీస్తే, చల్లారిన నీరంతా అడుగు చుట్టలో నిలుస్తుంది. కాసేపటికి అది పైపు నిండా అడ్డుపడి, గాలి దాన్ని ఒక్క తోపున గన్ను వైపు నెడుతుంది. బెజ్జానికి వాటర్ ట్యాంకులకు వాడే రబ్బరు వాషర్ల నిపుల్ సరిపోతుంది. బయటికి వచ్చిన చోటే, ఇంకా పొడిగించకుండా, వాటర్ సెపరేటర్ బిగించండి.

50 లీటర్ల నీళ్ళు అయితే గంట పనికి సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతాయి, అంతే. ఎండకాలం సంగతికి వస్తే, 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం దగ్గర ఉంటుంది. అప్పుడు తడి గుడ్డ మీదుగా గాలి పోతే ఆ గుడ్డ 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. మట్టి కుండలో నీళ్ళు చల్లబడేది ఇలాగే. కాబట్టి డ్రమ్ము మాట వదిలేసి, చుట్టను నీడలో గాలి ఆడే చోట వేలాడదీసి, గోనె పట్టా చుట్టి, పైన చిల్లుల డబ్బాలోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడేట్టు పెట్టండి. కూలర్ ముందు పెడితే ఇంకా మంచిది. బోరు నీళ్ళ ఉప్పు రాగి మీద తెల్లగా పేరుకుంటుంది, రెండు వారాలకోసారి గోనె విప్పి తుడవండి.

వానకాలంలో ఈ గోనె ఉపాయం పనిచేయదు. 30 డిగ్రీలు, 80 శాతం తేమలో తడి గుడ్డ 27 కన్నా దిగదు. అప్పుడు ఐసు వాడాలి. 50 లీటర్ల డ్రమ్మును ఐసుతో చల్లార్చడం దండగ, చేపల థర్మోకోల్ పెట్టెలో చుట్ట మునిగేంతగా 20 లీటర్ల నీళ్ళు పోయండి. నీళ్ళు 5 డిగ్రీలకు రావడానికి 6 కిలోల ఐసు, ఆ తర్వాత గంట పనికి 3 కిలోల చొప్పున పడుతుంది. పని మొదలుపెట్టడానికి ముందే ఐసు వేయాలి, మధ్యలో గుర్తొచ్చి వేస్తే లాభం లేదు. ఐసులోంచి 10 డిగ్రీలకు చల్లారి వచ్చిన గాలి హోస్‌లో తిరిగి 30 డిగ్రీలకు వేడెక్కుతుంది కాబట్టి దాంట్లో మళ్ళీ చుక్క కట్టే అవకాశమే ఉండదు. ఇంటి ఖర్చులో కార్ల పెయింటు షెడ్ల డ్రయర్‌కు దగ్గరగా వెళ్ళే మార్గం ఇదొక్కటే అని మా అభిప్రాయం.

ప్రశ్న (జడ్చర్ల): సిలికా జెల్ నింపిన డ్రయర్ కొన్నాను, అర కిలో పడుతుంది. నీలం గింజలు రెండు గంటలకే గులాబీ రంగుకు మారిపోతున్నాయి. గింజలు నకిలీవా?

జవాబు: నకిలీవి కానక్కర్లేదు. మీరు వాటి మీద మోయలేనంత బరువు పెట్టారు. అర కిలో గింజలు పని జరిగేంతలో సుమారు 100 గ్రాముల నీరు పీలుస్తాయని లెక్క వేసుకోండి. 35 డిగ్రీల గాలి, చుక్కలన్నీ ఫిల్టర్‌లో పోయాక కూడా, గంటకు 50 గ్రాములకు పైగా ఆవిరి మోసుకొస్తుంది. రెండు గంటల లెక్క సరిపోయిందా? అదే గాలిని ముందు ఐసు చుట్టలో 10 డిగ్రీలకు చల్లారిస్తే గంటకు వచ్చేది 12, 13 గ్రాములే. అవే గింజలు 8 గంటలు పనిచేస్తాయి. సిలికా జెల్ వరసలో ఆఖరున, కొయలెసింగ్ ఫిల్టర్ తర్వాత, రెగ్యులేటర్‌కు ముందు ఉండాలి. నీటి చుక్క నేరుగా తగిలితే గింజలు చిటిలి పొడి అవుతాయి, నూనె తగిలితే పసుపు గోధుమ రంగుకు తిరిగి మళ్ళీ పనికిరావు. ఆ పొడి గన్నులోకి పోకుండా డ్రయర్ తర్వాత 5 మైక్రాన్ల ఫిల్టర్ ఒకటి ఉంచండి.

రంగు మారిన గింజలను స్టీలు పళ్ళెంలో రెండు సెంటీమీటర్ల మందాన పరచి, 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టండి. తిండి వండే ఓవెన్ వాడవద్దు. నీలం గింజల్లో రంగు కోసం వాడేది కోబాల్ట్ క్లోరైడ్, అది ఒంటికి మంచిది కాదు. నారింజ రంగు గింజలు దొరికితే అవే కొనండి. వాటికి 120 డిగ్రీలు దాటనివ్వకూడదు. బాణలిలో వేయిస్తే అడుగువి మాడి పగులుతాయి, పైవి తడిగానే ఉంటాయి. ఎండలో పెడితే ఆరవు, వానకాలంలోనైతే ఇంకా తేమ పీలుస్తాయి. వేడి గింజలను గట్టి మూత డబ్బాలో చల్లార్చి నింపుకోండి. పని లేనప్పుడు డ్రయర్ రెండు వైపులా వాల్వులు మూసి ఉంచాలి.

ప్రశ్న (దేవరకొండ): బీరువా, మంచం మీద ఎన్‌సీ క్లియర్ (నైట్రోసెల్యులోజ్ లాకర్) కొడుతున్నాను. లైను, ఫిల్టర్లు అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి. అయినా ముసురు పట్టిన రోజున పూత కొట్టిన ఐదు నిమిషాలకే పాలలాగా తెల్లబడుతోంది. ఇంకా నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు: గదిలోని గాలి నుంచి. ఎన్‌సీ థిన్నర్ చాలా వేగంగా ఎగిరిపోతుంది, పోతూ పోతూ పూతలోని వేడిని లాగేస్తుంది. తేమ 80 శాతం దాటిన రోజున ఆ కొద్దిపాటి చల్లదనానికే గదిలోని ఆవిరి పూత మీద నీరై దిగుతుంది. లైనులో నీరుంటే మచ్చలు చుక్కచుక్కగా, ఒక్కో చోట పడతాయి. ఇది మాత్రం పూతంతా పొగ పట్టినట్టు ఒకే తీరుగా తెల్లబడుతుంది. నిర్ధారణకు పెయింటు లేకుండా ఒట్టి గాలిని శుభ్రమైన అద్దం మీద రెండు నిమిషాలు కొట్టండి. అద్దం పొడిగా ఉంటే లైను మీద అనుమానం వదిలేయండి, ఫిల్టర్ మీద ఇంకో రూపాయి పెట్టవద్దు.

థిన్నర్‌లో రిటార్డర్ (అది ఎగిరిపోయే వేగాన్ని తగ్గించే ద్రవం) 5 నుంచి 10 శాతం కలపండి, పూత పలుచగా కొట్టండి, పగలు 11 నుంచి 4 మధ్య తేమ కాస్త తగ్గిన సమయం చూసుకోండి. అప్పటికే తెల్లబడిన పూత పాడైనట్టు కాదు. పొడి రోజున దాని మీద రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పొగమంచులా తేలికగా కొడితే పూత కాస్త కరిగి, లోపలి నీరు పోయి, తిరిగి తేట అవుతుంది. గది వేడెక్కాలని హీటర్, కట్టెల కుంపటి పెట్టవద్దు, థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది.

పీయూ వాడేవారికి వేరే చిక్కు. పీయూ హార్డెనర్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పూతలో సూది మొన బుడగలుగా నిలుస్తుంది. లైను పొడిగా ఉండటం పీయూకు ఎన్‌సీ కన్నా ఎక్కువ అవసరం. ఆ హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు ప్రమాదం. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేవు, ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జితో పాటు తుంపరను ఆపే ఫిల్టర్ కూడా ఉన్న మాస్కు పెట్టుకొని గాలి ఆడే చోటే కొట్టండి. ఆయాసం ఉన్నవాళ్ళు పీయూ జోలికి పోవద్దు.

ప్రశ్న (సూర్యాపేట): బండి పెట్రోలు ట్యాంకు మీద పెయింటు కొడితే గుండ్రటి గుంటలు పడుతున్నాయి, గుంట మధ్యలో కింది ప్రైమర్ కనిపిస్తోంది. ఎఫ్ఆర్ఎల్ యూనిట్ (ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్ కలిసి ఉండేది) కొత్తదే బిగించాను.

జవాబు: ఎఫ్ఆర్ఎల్‌లో చివరి ఎల్ అంటే లూబ్రికేటర్. గాలి పనిముట్లు అరిగిపోకుండా గాలిలో నూనె తుంపర కలపడమే దాని పని. ఇంపాక్ట్ గన్నుకు అది కావాలి, పెయింటు గన్నుకు అది విషం. నూనె పోయకుండా వదిలితే చాలని కొందరు అనుకుంటారు. కాదు, ఆ ముక్కనే విప్పి పక్కన పెట్టండి. అప్పటిదాకా వాడిన హోస్ లోపల నూనె పట్టి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. పెయింటు కోసం కొత్త హోస్ తీసుకొని, అది ఇంకే పనికీ ఇవ్వవద్దు.

లూబ్రికేటర్ తీశాక కూడా గుంటలు వస్తే నేరం గాలిదా, ట్యాంకుదా తేల్చుకోండి. రెండు గాజు పలకలను సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఒకదాని మీద గన్నుతో, ఇంకోదాని మీద అదే పెయింటును బ్రష్‌తో పూయండి. గన్ను పలక మీదే గుంటలు పడితే గాలిలోనో గన్నులోనో నూనె ఉంది. రెండింటి మీదా పడితే పెయింటులో, థిన్నర్‌లో చూడండి. రెండూ బాగుండి ట్యాంకు మీదే పడితే అది పాలిష్‌లలో, చెయిన్ స్ప్రేలలో ఉండే సిలికాన్. ఉప్పుకాగితం పట్టే ముందే వ్యాక్స్ రిమూవర్‌తో, ఒక గుడ్డతో పూసి ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. తుడవకుండా సాన పెడితే సిలికాన్ ఇంకా లోపలికి పోతుంది. గుంటలు పోవడానికి పెయింటులో కలిపే చుక్కల మందు చాలావరకు సిలికానే, ఒకసారి వాడితే గన్ను, గది అంతా అంటుతుంది. మేం దాన్ని సిఫారసు చేయం.

గాలిలోనే నూనె అని తేలితే పంపు చూడండి. నూనె గాజు కన్నులో ఎర్ర చుక్క మధ్య దాకా ఉండాలి, దానికి మించి పోస్తే పైకి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ ఆయిల్ పోయవద్దు, దానిలోని డిటర్జెంటు నీటితో కలిసి వెన్నలా మారుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడ్, సాధారణంగా వీజీ 100 కంప్రెషర్ ఆయిల్ వాడండి. పీల్చే వైపు ఫిల్టర్ మూసుకుపోతే పిస్టన్ కింది నూనెను పైకి లాగుతుంది. ఇవన్నీ సరిగా ఉండీ నూనె వస్తోందంటే రింగులు అరిగాయి. 0.01 మైక్రాన్ కొయలెసింగ్ ఫిల్టర్ సన్నటి తుంపరను పడుతుంది, అరిగిన రింగుల నుంచి వచ్చే నూనెకు అది వారాల్లో నిండిపోతుంది. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటుంది, తిరగేసి బిగిస్తే పనిచేయదు. ముందు, వెనక ప్రెషర్ తేడా అర బార్ దాటితే లోపలి ఎలిమెంటు మార్చాలి. ప్లాస్టిక్ బౌల్‌ను థిన్నర్‌తో తుడవవద్దు. పాలికార్బొనేట్‌కు థిన్నర్ తగిలితే కనబడని పగుళ్ళు వచ్చి, ప్రెషర్‌లో ఉన్నప్పుడు పేలుతుంది. సబ్బు నీళ్ళు చాలు.

ప్రశ్న (మిర్యాలగూడ): ఇంటి పక్కనే రైస్ మిల్లు, ఊక దుమ్ము విపరీతం. కంప్రెషర్‌ను పెయింటు గదిలోనే మూలకు పెడితే దుమ్ము తప్పుతుందా?

జవాబు: దుమ్ము కన్నా పెద్ద ముప్పు వస్తుంది. ప్రెషర్ స్విచ్ ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ పుడుతుంది, గదిలో థిన్నర్ ఆవిరి ఉంటుంది. కంప్రెషర్ ఎప్పుడూ బయటే ఉండాలి. మిల్లుకు ఎదురు గోడ వైపు, నీడలో, గోడకు అడుగున్నర దూరంగా పెట్టండి. చక్రం ఆకులు పంపు మీదికి గాలి విసరాలి, చక్రం బాణం గుర్తు దిశలోనే తిరుగుతోందో లేదో చూడండి. పీల్చే ఫిల్టర్‌ను మీ చోట వారానికోసారి తీసి దులపండి, కోతల కాలంలో రెండుసార్లు. స్పాంజి రకమైతే సబ్బు నీళ్ళలో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి. గాలి ఆడాలి కదా అని ఫిల్టర్ తీసేసి నడిపితే ఊక సిలిండర్‌ను గీరుతుంది.

ప్రశ్న (నారాయణపేట): ట్యాంకు నీళ్ళు ఎన్ని రోజులకు వదలాలి? మాది మూడేళ్ళ పాత కంప్రెషర్, కింది కాక్ బిగుసుకుపోయి ఇంతవరకు తీయలేదు. బయట అడుగు దగ్గర తుప్పు ఉబ్బులు కనిపిస్తున్నాయి.

జవాబు: వానకాలంలో గంట పనికే ట్యాంకులో 150 గ్రాములు దిగుతాయని పైన చెప్పాం, మూడేళ్ళ నీరు లోపల ఏం చేసి ఉంటుందో ఊహించండి. వదలవలసింది రోజూ, పని అయిపోగానే. ప్రెషర్‌ను 1 బార్ దాకా దించి కాక్ తెరవండి, ఆ కొద్ది గాలి నీటిని తోసేస్తుంది, తర్వాత రాత్రంతా తెరిచే ఉంచండి. వచ్చే నీరు పాలలా ఉంటే నూనె కలిసింది, ఎర్రగా ఉంటే తుప్పు, నల్లగా ఉంటే నూనె మాడుతోంది. దాన్ని బావి, బోరు దగ్గర పారబోయవద్దు, పాత డబ్బాలో పోగుచేయండి.

మీ ట్యాంకును మాత్రం ఇప్పుడు ఇంక నింపవద్దు. కరెంటు తీసి, సేఫ్టీ వాల్వు రింగు లాగి ప్రెషర్ మొత్తం వదిలి, గేజీ సున్నా చూపించాక కూడా ఇంకో మూతి వదులు చేసి గాలి లేదని నిర్ధారించుకొని, అప్పుడే కాక్ మీద స్పానర్ వేయండి. ప్రెషర్ ఉండగా బిగుసుకున్న కాక్ విప్పితే అది తూటాలా వస్తుంది. కాక్ తీశాక కొత్తది నేరుగా పెట్టకుండా పావు అంగుళం నిపుల్, ఎల్బో, చిన్న పైపు ముక్క, బాల్ వాల్వు వేసి ముందుకు తీసుకురండి, వంగకుండా రోజూ తిప్పవచ్చు. పైపు వాలు కిందికే ఉండాలి.

తర్వాత ట్యాంకును వర్క్‌షాపుకు పంపి నీటితో ప్రెషర్ టెస్టు చేయించండి. గాలితో టెస్టు చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఉబ్బుల దగ్గర చిన్న సుత్తితో తడితే మందమైన రేకు గణగణమంటుంది, పలుచబడిన చోట మొద్దుగా పలుకుతుంది. అలా పలికినా, సూది బెజ్జం అంత కారినా ఆ ట్యాంకు పని అయిపోయింది. వెల్డింగ్ చేయించడం, ఎం-సీల్ పెట్టడం వద్దు, పక్కన ఉన్న రేకు కూడా అంతే పలుచబడి ఉంటుంది. పంపు, మోటారు బాగుంటే వాటిని విప్పి కొత్త ట్యాంకు మీద బిగించుకోవచ్చు. పాత ప్రెషర్ స్విచ్‌ను, సేఫ్టీ వాల్వును మాత్రం దాని మీదికి మార్చకుండా కొత్తవే కొనండి.